పెట్రోలు మారింది, పైపు చూసుకోండి

ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు ముందు ఈ పని చేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ట్యాంకు కింద నుంచి కార్బురేటర్‌కు వెళ్లే రబ్బరు పైపును వేళ్లతో పట్టి చూడండి. ఉబ్బి, మెత్తబడి, చేతికి జిగటగా తగులుతోందా? లేకపోతే గట్టిపడి, వంపు దగ్గర సన్నటి పగుళ్లు తేలాయా? క్లిప్పు దగ్గర తడి ఉందా? వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ బండిని ఈ రాత్రి ఇంట్లోకి ఎక్కించకండి. బయటే పెట్టండి. రేపు పొద్దున్నే పైపు మార్పించండి.

ఇంత తొందర దేనికంటారా? మన నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, కుండల్వాడి, బిలోలి, దెగ్లూర్, కిన్వట్‌లలో మన ఇళ్లు ఎలా ఉంటాయో మనకు తెలుసు. దొంగల భయానికి రాత్రి కాగానే బండిని వసారాలోకో, హాల్లోకో ఎక్కిస్తాం. గోడకు అటువైపు గ్యాసు పొయ్యి ఉంటుంది. దేవుడి గూట్లో దీపం ఉంటుంది. పిల్లలు పడుకున్న చాప పక్కన దోమల కాయిల్ వెలుగుతుంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. అది పైకి పోదు, నేల వెంట పాకుతుంది, గడప దాటుతుంది. రాత్రంతా చుక్కచుక్కగా కారిన పెట్రోలు తెల్లారి పొయ్యి వెలిగించే వేళకు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికీ కనబడదు. పొద్దున లేవగానే ఇంట్లో పెట్రోలు వాసన వస్తే లైటు వేయకండి, ఫ్యాను వేయకండి, పొయ్యి జోలికి పోకండి. తలుపులు తెరిచి, పిల్లలను బయటికి పంపి, బండిని స్టార్ట్ చేయకుండా చేత్తో తోసుకుంటూ బయట పెట్టండి.

బండి అదే, పైపు అదే, ఇన్నేళ్లు లేని భయం ఇప్పుడెందుకు? పెట్రోలు మారింది. ఇవాళ మన బంకుల్లో పోస్తున్నది ఈ20. అంటే లీటరులో ఐదో వంతు ఇథనాల్, చెరుకు నుంచీ ధాన్యం నుంచీ తీసిన సారాయి. ఇది ఒక్కరోజులో రాలేదు. 2001లో ప్రయోగంగా ఇథనాల్ కలిపిన చోట్లలో మన రైలు మార్గంలోనే ఉన్న మన్మాడ్ ఒకటి. 2022 జూన్ నాటికి దేశమంతటా పది శాతానికి చేరాం. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ20ని ప్రారంభించినప్పుడు అది 84 బంకుల్లోనే దొరికేది. 2025 వచ్చేసరికి దాదాపు ఏ బంకుకు వెళ్లినా అదే. రాష్ట్ర సరిహద్దు దాటి బాసర వైపు పోయించుకుంటే వేరే పెట్రోలు దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మి తిరగకండి. రెండు రాష్ట్రాలదీ ఒకే కథ.

ఈ పెట్రోలును తిట్టడానికి నేను రాయడం లేదు. పొగ తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ నివేదిక ప్రకారం ఈ20తో కార్బన్ మోనాక్సైడ్ ద్విచక్ర వాహనాల్లో సగం దాకా, కార్లలో 30 శాతం దాకా తగ్గుతుంది. విదేశీ చమురు ఖర్చు కలిసొస్తుంది. నాందేడ్ జిల్లా చెరుకు రైతుకూ ఇందులో నాలుగు రూపాయలు ఉన్నాయి. మంచి పనే. కానీ ఈ మంచి పని పదిహేనేళ్ల కిందటి బండి ట్యాంకులోకి కూడా అదే గొట్టంతో వచ్చి పడుతోంది. ఆ బండిని తయారు చేసినవాడు దీన్ని ఊహించలేదు. నా దిగులంతా అక్కడే.

పరీక్షలు జరగలేదా అంటే జరిగాయి. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్, డెహ్రాడూన్‌లోని పెట్రోలియం సంస్థ, ఇండియన్ ఆయిల్ పరిశోధన విభాగం కలిసి చేశాయి. రబ్బరు, ప్లాస్టిక్, లోహం ముక్కలను ఈ ఇంధనంలో నానబెట్టి ఎంత ఉబ్బాయో, ఎంత మెత్తబడ్డాయో, ఎంత బరువు మారిందో చూస్తారు. వేడిలో, చలిలో బండి ఎలా స్టార్ట్ అవుతోందో చూస్తారు. పాత బండ్లలో కూడా చెప్పుకోదగ్గ అరుగుదల కనబడలేదని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఆ మాట నేను కాదనను. అయితే అదే శాఖ అదే నెలలో ఇంకో మాట కూడా చెప్పింది. కొన్ని పాత బండ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చు, ఖర్చు తక్కువే, మామూలు సర్వీసింగ్‌లోనే అయిపోతుంది అని. మొదటి మాటను అందరూ విన్నారు. రెండోది ఎంతమంది చెవిన పడిందో! రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే మనిషికి 20,000 అంటే 400 రోజులు. 2025 వేసవి నుంచి లెక్క వేసుకోండి. అలా తిరిగేవాళ్లలో చాలామందికి ఆ గడువు దగ్గరపడి ఉంటుంది, లేదా దాటి ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది, నాకు ఇదే పెద్దదిగా తోస్తుంది. పరీక్షలో నానిన రబ్బరు కంపెనీ రబ్బరు. మన బండిలో ఉన్నది ఏ రబ్బరు? ఆరేళ్ల కింద దారిలో పైపు తెగితే రోడ్డు పక్క షాపులో ఒక జానెడు తెల్ల పైపు కోసి తగిలించి ఉంటారు. నీళ్లకు వాడే పైపు అది. కార్బురేటర్ కిట్టు చవకదేదో వేసి ఉంటారు. ట్యాంకు లోపల తుప్పు పట్టి ఉంటుంది. ఇలాంటి బండి ఏ ప్రయోగశాలలోకీ వెళ్లలేదు. దాన్ని పరీక్షిస్తున్నది మనమే, రోజూ, మన కాళ్ల మధ్య పెట్టుకుని.

ఇథనాల్ ఏం చేస్తుందో తెలిస్తే ఏం చూడాలో మీకే తెలుస్తుంది. నాసిరకం రబ్బరును అది ఉబ్బిస్తుంది. కార్క్ గ్యాస్కెట్లను పాడు చేస్తుంది. పాత ట్యాంకు అడుగున పేరుకున్న జిగురునూ తుప్పునూ కదిలించి ఫిల్టర్ దాకా తెచ్చి అడ్డం వేస్తుంది. అల్యూమినియం, జింకు కలిసిన కార్బురేటర్ ఒంటిని తేమతో కలిసి మెల్లగా తింటుంది. తనలోనే ఆక్సిజన్ ఉండడం వల్ల మంటకు గాలి పాలు పెంచుతుంది. కొత్త బండిలో కంప్యూటర్ దాన్ని కనిపెట్టి పెట్రోలు సరిచేసుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అందుకే పాత బండి చల్లగా ఉన్నప్పుడు చోక్ ఎక్కువ అడుగుతుంది, యాక్సిలరేటర్ ఇస్తే ఒక్క క్షణం గుటకలు మింగుతుంది, మామూలు కన్నా వేడెక్కుతుంది.

మైలేజీ గురించి ఊళ్లో గోల ఎక్కువ. లెక్క తేలిక. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కన్నా శక్తి మూడో వంతు తక్కువ. ఐదో వంతు ఇథనాల్ కలిస్తే మొత్తంలో తగ్గేది ఆరేడు శాతం. 2021 నివేదిక కూడా పాత కార్లకు 6 నుంచి 7 శాతం, పాత ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం తగ్గుతుందనే రాసింది. అంటే లీటరుకు 60 ఇచ్చే బండి 58 ఇస్తే అది ఇథనాల్ పద్దు. 48కి పడిపోతే ఇథనాల్‌ను తిట్టుకుంటూ కూర్చోకండి. ఆ పది కిలోమీటర్ల పెట్రోలు ఎక్కడో కారుతోంది, లేదా కార్బురేటర్ పొంగుతోంది. బండి నిలిపిన చోట నేల చూడండి. సైలెన్సర్ మీద మరక చూడండి. మైలేజీ ఒక్కసారిగా పడిపోవడం అన్నిటికన్నా ముందు వచ్చే సూచన. దాన్ని వదిలేయకండి.

రైతులకు వేరే చెప్పాలి, ఎందుకంటే వాళ్ల దగ్గర ఇంజిన్ ఉండేది వీపు మీద. తైవాన్ పంపుతో సోయాకో పత్తికో మందు కొట్టేటప్పుడు పెట్రోలు ట్యాంకు, కాలే ఇంజిన్, మనిషి నడుము మూడూ జానెడు దూరంలో ఉంటాయి. ఆ చిన్న ఇంజిన్ల కార్బురేటర్‌లో కాగితమంత పల్చటి రబ్బరు పొర ఉంటుంది. అది ఉబ్బినా ముడుచుకున్నా పెట్రోలు బయటికి వస్తుంది. ఇలాంటి యంత్రాల పుస్తకాల్లో చాలావాటిలో ఇథనాల్ పది శాతం మించకూడదని రాసి ఉంటుంది. మన బంకులో దొరికేది ఇరవై. అందుకని ప్రతిసారీ వీపున వేసుకునే ముందు పంపును నేల మీద పెట్టి, స్టార్ట్ చేసి, కాసేపు ఆగి, కింద తడి చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా పెట్రోలు పోయకండి. బీడీ సంగతి నేను చెప్పక్కర్లేదు. సీజన్ అయిపోయాక ట్యాంకులో పెట్రోలు ఉంచి అటక ఎక్కించకండి. ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది కాలి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, అప్పుడు దాచండి. దుకాణాల్లో కరెంటు పోతే వాడే చిన్న జెనరేటర్లకూ ఇదే. గ్యాసు కిట్టు పెట్టించుకున్న కార్లవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి. మీరు గ్యాసు మీద తిరుగుతున్నా ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి మురుగుతుంటుంది. అప్పుడప్పుడు దాన్ని వాడి, కొత్తది కొద్దికొద్దిగా పోయించుకోండి.

నిలవ పెట్టొద్దని ఇంతగా చెప్పడానికి కారణం నీళ్లు. ఇథనాల్ వానాకాలంలో మూత తీసి పెట్టిన బెల్లంలా గాలిలోని తేమను లాక్కుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలుపుకుంటుంది, బండి నడుస్తూనే ఉంటుంది. హద్దు దాటగానే మొత్తం విరిగిపోతుంది. నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కు దిగుతాయి. పెట్రోలు పైన తేలుతుంది. ఇంజిన్‌కు పెట్రోలు వెళ్లేది ట్యాంకు అడుగు నుంచే కదా! అక్కడ ఉన్నది నీళ్లు. బండి దగ్గి ఆగిపోతుంది. కిక్ మీద కిక్ కొడితే ఆ నీళ్లన్నీ లోపలికే వెళ్తాయి. కొట్టకండి. మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లి ట్యాంకు ఖాళీ చేయించండి. తీసిన పెట్రోలు మురికి కాలువలో పోయనివ్వకండి.

2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ముఖ్యమంత్రి కాన్వాయ్ బండ్లు 19 ఒకేసారి ఆగిపోయాయి. బంకు డీజిల్‌లో వాన నీళ్లు కలిశాయని తేలి బంకును మూసేశారు. ముఖ్యమంత్రి బండ్లకే తప్పలేదు. అది డీజిల్, అందులో నీళ్లు విడిగా ఉంటాయి. ఇథనాల్ పెట్రోలులో మొదట కలిసిపోయి దాక్కుంటాయి, కాబట్టి కంటితో పట్టుకోవడం ఇంకా కష్టం. భారీ వాన వెలిసిన రోజు ట్యాంకు నిండా పోయించుకోకుండా రెండు రోజులు ఆగగలిగితే ఆగండి. ఆగలేకపోతే బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా రేపు మీ మాటకు విలువ ఉండదు. అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగండి, ఐదు లీటర్ల కొలత అడగండి, సాంద్రత రిజిస్టర్ చూపించమనండి. ఇవి అడిగే హక్కు మీకుంది. పోసే పిల్లవాడి మీద మాత్రం అరవకండి, వాడి చేతిలో ఏమీ లేదు.

అదే 2025 ఆగస్టులో ముఖేడ్ తాలూకాలో వరద ఊళ్లను ముంచేసింది. అలా మునిగిన బండిని ఆరబెట్టి స్టార్ట్ చేయబోయే ముందు ట్యాంకు, కార్బురేటర్, ఇంజిన్ ఆయిల్ మూడూ తీయించాలి. ఎండలో పెడితే ట్యాంకులోకి పోయిన నీళ్లు ఆరవు.

ఊళ్లలో కిరాణా కొట్టు ముందు సీసాల్లో వేలాడే పెట్రోలు గురించి ఏం చెప్పను? అది ఎన్నాళ్లు అక్కడ ఉందో, మూత ఎన్నిసార్లు తీశారో, ఏం కలిపారో తెలియదు. ఎండకు ప్లాస్టిక్ సీసా మెత్తబడుతుంది, ఆవిరి పేరుకుంటుంది. దుకాణంలో చిన్నపిల్లలు కూర్చుని ఉంటారు. అమ్మేవాళ్లు మన ఊరివాళ్లే, బతుకుదెరువు కోసమే అమ్ముతున్నారు. అయినా సరే, అమ్మకండి, కొనకండి. అడుగంటేదాకా నడపకుండా ముందే బంకుకు వెళ్లండి.

ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు ఇంకో ప్రమాదం. సీసాలో పెట్రోలు, కొన్ని నీళ్లు పోసి ఊపుతారు. కాసేపటికి కింది నీళ్ల మట్టం పెరిగి కనబడుతుంది. చూశారా, బంకువాడు నీళ్లు కలిపాడు అంటారు. అది నీళ్లు కాదు, పెట్రోలులోని ఇథనాల్ నీళ్లలోకి దిగింది, అంతే. ఈ20లో అది ఉండవలసిందే. కొందరైతే అలా ఇథనాల్ తీసేసి పైన మిగిలిన పెట్రోలును బండిలో పోసుకుంటున్నారట. దయచేసి ఆ పని చేయకండి. మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోతుంది, ఇంజిన్ కొట్టుకుంటుంది, వంటింట్లో సీసా ఊపుతుంటే మంట అంటుకుని చెయ్యి కాలవచ్చు. ట్యాంకులో పోస్తే ఇథనాల్‌ను మాయం చేసే మందు ఏదీ లేదు. కిరోసిన్ కలిపితే సరిపోతుందని చెప్పేవాళ్ల దగ్గర నిలబడకండి.

మీ బండి ఏ తరానిదో తేల్చుకోవడం కష్టం కాదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో రబ్బరు, లోహ భాగాలు ఈ20కి తట్టుకునేలా ఉంటాయి. 2025 ఏప్రిల్ నుంచి వచ్చినవాటిలో ఇంజిన్ కూడా దానికే సరిచేసి ఉంటుంది. అంతకు ముందువైతే పుస్తకంలో ఇంధనం పేజీ తీయండి. ఈ10 అని రాసి ఉన్నా, ఇథనాల్ ఊసే లేకపోయినా, మీ మెకానిక్‌తో నాలుగు భాగాలు చూపించుకోండి: పైపు, ఫిల్టర్, పెట్రోల్ కాక్‌లోని వాషర్, కార్బురేటర్ గ్యాస్కెట్. కంపెనీ భాగాలే అడగండి. దొరక్కపోతే పెట్రోలుకు పనికొస్తుందని పైపు మీదే అచ్చు ఉన్నది తీసుకోండి. మృగశిర రాకముందే ఈ పని అయిపోతే మంచిది. కార్ల సంగతి వేరు, ఇంజెక్షన్ ఉన్న కారులో పైపులో ఒత్తిడి ఎక్కువ, సొంతంగా విప్పకండి. కారు నిలిపాక లోపల పెట్రోలు వాసన వస్తే అదే రోజు షెడ్డుకు తీసుకెళ్లండి.

ప్రభుత్వ పెద్దలను కూడా ఒక మాట వేడుకోవాలి. అమెరికాలో 15 శాతం ఇథనాల్‌కు అనుమతి ఇచ్చే ముందు ఇంధన శాఖ 86 కార్లను దీర్ఘకాలం నడిపి చూసింది. ఆ తర్వాత అక్కడి పర్యావరణ సంస్థ 2001 కన్నా పాత కార్లకు, మోటార్‌సైకిళ్లకు, గడ్డి కోసే యంత్రాలకు అది వద్దని తేల్చి, ఆ హెచ్చరికను గొట్టం పక్కనే అతికించమంది. అక్కడున్న మన పిల్లలను అడగండి, నారింజ రంగు చీటీ చూశామని చెబుతారు. బ్రెజిల్ ఇంకా ఎక్కువ కలుపుతుంది, కానీ 1975లో ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టి దానికి తగ్గ బండ్లు తయారు చేసుకుంటూ వచ్చింది. మన 2021 నివేదికే పాత బండ్లకు పది శాతం పెట్రోలు కూడా అందుబాటులో ఉండాలన్న ఆలోచన చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. సరే, ఆ తలుపు మూసుకుంది. చీటీ అతికించడానికి కోర్టు అక్కర్లేదు కదా! ప్రతి గొట్టం మీద ఎంత శాతమో మరాఠీలో, హిందీలో, ఈ సరిహద్దు తాలూకాల్లో తెలుగులో కూడా రాయించండి. ఇరవై దాటి పైకి వెళ్లాలన్న చర్చ నడుస్తున్న రోజుల్లో ఇది ఇంకా అవసరం.

నాందేడ్‌లోనే పరీక్ష చేయవచ్చు. విష్ణుపురిలో శ్రీ గురు గోవింద్ సింగ్ జీ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మన బజార్లలో అమ్మే పైపులన్నీ తలా ఒక ముక్క తెచ్చి, తూచి, కొలిచి, ఈ20లో కొన్ని వారాలు నానబెట్టి, మళ్లీ కొలవడం విద్యార్థులకు పెద్ద పని కాదు. మూత బిగించిన గాజు పాత్రలో, గురువుల కళ్లముందు జరగాల్సిన పని అది, ఇంట్లో చేసేది కాదు. ఏ పైపు నిలిచిందో, ఏది ఉబ్బిందో పేపర్లో వేస్తే ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లకు మేలు! ఐటీఐ పిల్లలు సంత రోజున ఒక బల్ల వేసుకుని పాత బండ్ల పైపులు చూసి పెట్టవచ్చు. అమ్మేవాళ్లు కూడా తెల్ల పైపును పెట్రోలుకు ఇవ్వబోమని ఒక నియమం పెట్టుకోవచ్చు.

ఒకవేళ మంట లేస్తే నీళ్లు పోయకండి, పెట్రోలు నీటి మీద తేలి ఇంకా పాకుతుంది. ఇసుక పోయండి, మనుషులను దూరం చేయండి, 101కో 112కో ఫోన్ చేయండి. బండిని కాపాడబోయి చేతులు కాల్చుకోకండి.

ఇంట్లో చదువుకునే పిల్లలకు ఒక పని. బండి పుస్తకాలు ఇంగ్లిషులో ఉంటాయి, తాతలు చదవలేరు. మీ ఇంటి బండిదీ, తాత పంపుదీ, పక్కింటివాళ్లదీ ఇంధనం పేజీ మీరు చదవండి. 10 అని ఉంటే 10, 20 అని ఉంటే 20, చెరగని రంగుతో ట్యాంకు మూత పక్కన రాయండి. దాని కింద పైపు మార్చిన నెల, సంవత్సరం కూడా వేయండి. ఈ20 చీటీ కొత్త బండ్ల మీద కంపెనీయే అతికించాలని 2021 నుంచి నియమం ఉంది. పాత బండికి ఆ చీటీ మీరే రాయాలి.